పాత కంప్యూటరు పనికిరానిదా?

ఒక వస్తువు పాతబడినంత మాత్రమున దానిని పారవేయు నలవాటు మన పెద్దలకు లేదు. బిందెకు చిల్లి పడినచో మాటు వేయించెడివారు. గొడుగు కమ్మి విరిగినచో బాగుచేయించెడివారు. గోడగడియారము నిలిచిపోయినచో విప్పించి, తుడిపించి, నూనె వేయించి మరల నడిపించెడివారు. కంప్యూటరు విషయమున మాత్రము మన మంతటి యోర్పు చూపుట లేదు. అది కొంచెము మందగించినను, కొంచెము రొద చేసినను, "దీని పని యయిపోయినది, క్రొత్తది కొనవలసినదే" అని తీర్పు చెప్పుచున్నాము. ఆ తీర్పు పెక్కు సారులు తొందరపాటు తీర్పే.

ఒక కుటుంబమును ఊహించుకొనుడు. తండ్రి చిన్న యుద్యోగి. ఎనిమిదేండ్ల క్రిందట, పెద్దకుమార్తె చదువు కొరకై, ఎంతో యాలోచించి ఒక కంప్యూటరును కొనినాడు. ఇప్పుడు వేసవి వచ్చినదనిన చాలు, ఆ యంత్రము పిండిమరవలె రొద చేయుచున్నది. కొంతసేపు పని చేయగనే దానియంతట నదియే ఆగిపోవుచున్నది. చిన్నవాని పాఠములు నడుమ తెగిపోవుచున్నవి. అంగడివాడు చూచి, "ఇది పాతది, బాగుచేయుట దండుగ" అని చెప్పివేసినాడు. క్రొత్తది కొనుటకు ఆ యింట డబ్బు లేదు. పాతదానిలో పెండ్లి ఛాయాచిత్రములున్నవి. తండ్రి వ్రాసికొన్న లెక్కలున్నవి. పిల్లలు చిన్ననాడు ఆడుకొన్న ఆటలున్నవి. ఆ కుటుంబ మేమి చేయవలెను?

మొదట చేయవలసినది కొనుట కాదు, కారణము వెదకుట. యంత్రమునకు కోపతాపములు లేవు. అది రొద చేయుచున్నదనిన దాని కొక కారణముండును. ఆగిపోవుచున్నదనిన దానికిని ఒక కారణముండును. ఆ కారణమును తెలిసికొన్నవానికి సగము చికిత్స తెలిసినట్లే.

కంప్యూటరునకు మెదడువంటిది ప్రాసెసరు. అది తపాలా బిళ్ళ కంటె కొంచెము పెద్దదిగా నుండు చదరపు పలక. అందులో ట్రాన్సిస్టరులను మిక్కిలి సూక్ష్మమైన విద్యుత్ మీటలు కలవు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పీ.సీ.లోని 8088 అను ప్రాసెసరునందు ఇట్టివి సుమారు 29,000 ఉండెడివి. నేటి ప్రాసెసరులలో అవి వందల కోట్లకు చేరినవి. ఈ మీటలు క్షణక్షణము తెరచుకొనుచు మూసికొనుచు నుండును. అందు వ్యయమగు విద్యుత్తు దాదాపు అంతయు చివరకు వేడిమిగా మారును. ఆనాటి 8088 ప్రాసెసరునకు తనకంటూ ప్రత్యేకమైన ఫ్యాను అవసరము లేకుండెను. నేడు ఇండ్లలో వాడు బల్లమీది కంప్యూటరుల ప్రాసెసరులు పెక్కింటికి 65 వాట్ల వేడిమి సామాన్యము. పూర్వపు 60 వాట్ల బల్బును వెలుగుచుండగా చేతితో తాకగలిగెడివారమా? అంతటి వేడిమి ఆ చిన్న పలకపై పుట్టుచున్నదని తలచినచో, చల్లబరచు నేర్పాటు ఏల కావలెనో స్పష్టమగును.

ఆ యేర్పాటు మూడు అంచెలుగా నుండును. ప్రాసెసరు పైన అల్యూమినియముతోనో రాగితోనో చేసిన పలుచని రెక్కల దిమ్మ యుండును. దీనిని హీట్ సింకు అందురు. అది వేడిమిని తనలోనికి లాగుకొని రెక్కలనిండ పరచును. దానిపై బిగించిన ఫ్యాను ఆ రెక్కల నడుమ గాలిని తోలును. ఇక మూడవది, కంటికి కనబడనిది, ప్రాసెసరునకును దిమ్మకును నడుమ పూసిన థర్మల్ పేస్టు. రెండు లోహపు తలములు చూచుటకు నునుపుగా నున్నను, వాని నడుమ సన్నని సందులుండును. ఆ సందులలో గాలి నిలిచినచో వేడిమి దాటదు. ఏలయన గాలి మంచి ఉష్ణవాహకము కాదు. మంచి పేస్టు గాలి కంటె నూరు రెట్లకు మించి వేడిమిని ప్రసరింపజేయును. అందుచేత ఆ సందులను పేస్టుతో నింపుదురు.

ఈ మూడింటిలో ఏది చెడినను వేడిమి బయటికి పోక లోననే నిలిచిపోవును. అప్పుడు యంత్రము తన్ను తాను రక్షించుకొన జూచును. మొదట ఫ్యానును వేగముగా త్రిప్పును. అదియే మనకు వినవచ్చు రొద. అది చాలనిచో ప్రాసెసరు తన వేగమును తగ్గించుకొనును, అదియే మందగించుట. ప్రాసెసరులు పెక్కింటిలో ఉష్ణోగ్రత 95 లేక 100 డిగ్రీల సెల్సియస్ దాపునకు వచ్చినప్పుడు ఈ తగ్గింపు జరుగును. అప్పటికిని వేడిమి తగ్గనిచో విద్యుత్తును తెంచుకొని ఆగిపోవును. మనము ముసలితన మనుకొన్నది ఒక్కొక్కప్పుడు ఊపిరాడకపోవుట మాత్రమే.

వేసవిలోనే ఈ బాధ ఏల హెచ్చును? ఫ్యాను గదిలోని గాలినే తోలును గాని చల్లని గాలిని సృష్టింపజాలదు. కనుక ప్రాసెసరు గది కంటె చల్లగా నెన్నడు నుండజాలదు. ఒక యంత్రము పని చేయునప్పుడు గది కంటె 40 డిగ్రీలు హెచ్చుగా వేడెక్కుచున్నదనుకొందము. పుష్యమాసమున గది 25 డిగ్రీలున్నచో ప్రాసెసరు 65 డిగ్రీలుండును. వైశాఖమున గది 42 డిగ్రీలున్నచో అదే ప్రాసెసరు 82 డిగ్రీలకు చేరును. దానికి తోడు దుమ్ము పేరుకొన్నచో ఆ తేడా యింకను పెరుగును. విజయవాడలోను రామగుండములోను ఎండకాలమును గడిపిన కంప్యూటరునకు చలిదేశపు కంప్యూటరు కంటె హెచ్చు శ్రద్ధ కావలెను.

ఇక చికిత్స. వైద్యుడు మందు నిచ్చుటకు ముందు రోగి ఱొమ్ముపై గొట్టము నుంచి వినును గదా! అట్లే వార్తాపత్రికను గొట్టముగా చుట్టి, ఒక కొనను చెవి కడను, మరొక కొనను పెట్టెకు దూరము దూరముగను ఉంచి వినుడు. రొద ఎచ్చటినుండి వచ్చుచున్నదో తెలియును. హోరుమను శబ్దము గాలి వేగము వలన పుట్టినది. టకటకమను శబ్దము వచ్చినచో ఏదేని తీగ ఫ్యాను రెక్కలకు తగులుచున్నదేమో చూడవలెను. గరగరమను శబ్దము ఫ్యాను ఇరుసు అరిగినదనుటకు గుర్తు. అట్టి ఫ్యానును మార్చుటయే మేలు. హార్డు డిస్కునుండి టిక్కు టిక్కుమని క్రమముగా శబ్దము వచ్చుచున్నచో మాత్రము అన్ని పనులను ఆపి, అందలి ముఖ్యమైన వ్రాతలను ఛాయాచిత్రములను వెంటనే వేరొకచోటికి నకలు తీసికొనవలెను. ఆ శబ్దము డిస్కు విఫలము కానున్నదనుటకు తరచు వినవచ్చు హెచ్చరిక. ఫ్యాను పోయినచో అంగడిలో మరొకటి దొరకును. పోయిన పెండ్లి చిత్రములు ఏ యంగడిలోను దొరకవు.

విన్న పిమ్మట కొలువవలెను. కంప్యూటరును తెరచునప్పుడు బయోస్ అను మొదటి యమరికల పట్టికలోనికి పోయినచో ప్రాసెసరు ఉష్ణోగ్రతయు, ఫ్యాను నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదియు సాధారణముగా కనబడును. పని చేయుచుండగనే వీనిని చూపు ఉచిత సాధనములును కలవు. గది ఉష్ణోగ్రతను, ప్రాసెసరు ఉష్ణోగ్రతను, ఫ్యాను వేగమును ఒక నోటుపుస్తకమున తేదీతో వ్రాసికొనుడు. తరువాత ఒక సారికి ఒక్క మార్పు మాత్రమే చేసి మరల కొలువుడు. మూడు మార్పులను ఒక్కసారి చేసినచో ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో తెలియదు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు పాటించు నియమ మిదియే.

మొదటి మార్పు దుమ్మును దులుపుట. ఈ పనిని ఇంటి పెద్దలు దగ్గర నుండగా చేయవలెను. యంత్రమును సరిగా మూసి, గోడ ప్లగ్గునుండి తీగను ఊడదీసి, పిదప దాని మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టినచో మదర్‌బోర్డుపై మిగిలిన విద్యుత్తు చాల వరకు పోవును. క్యాబినెట్టును అరుగుమీదికో డాబామీదికో తీసికొనిపోయి ప్రక్క పలకను విప్పుడు. లోపలి భాగములను ముట్టుకొనుటకు ముందు క్యాబినెట్టు రంగు లేని లోహభాగమును తాకుడు. మన దేహమున నిలిచిన స్థిర విద్యుత్తు సన్నని భాగములకు హాని చేయకుండుట కీ జాగ్రత్త. మెత్తని పొడి కుంచెతో దుమ్మును కదల్చి, చేతి బ్లోయరుతో ఊదవలెను. ఊదునప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో కదలకుండ పట్టుకొనుడు. లేనిచో అది అమిత వేగముగా తిరిగి ఇరుసు చెడును. తడిగుడ్డ పనికిరాదు. మన యిండ్లలో దుమ్మొక్కటియే కాదు, చీమలును, బొద్దింకలును, బల్లులును ఆ వెచ్చని పెట్టెలో కాపురము పెట్టుట కలదు. పనిలో పనిగా వాని జాడయు చూడవలెను.

ఇచట ఒక హెచ్చరిక. క్యాబినెట్టు లోపల ఒక మూలగా మూసియున్న లోహపు డబ్బా యుండును. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును యంత్రమునకు తగినట్లు మార్చు నీ డబ్బాను మన యంగళ్ళలో ఎస్.ఎం.పి.ఎస్. అందురు. దానిని ఎట్టి పరిస్థితిలోను విప్పరాదు. ప్లగ్గును తీసిన తరువాత కూడ అందలి కెపాసిటరులలో ప్రాణాపాయము కలిగించునంత విద్యుత్తు నిలిచియుండవచ్చును. దాని సందులలోని దుమ్మును వెలుపలినుండియే ఊదవలెను. రొద ఆ డబ్బానుండియే వచ్చుచున్నచో దానిని పూర్తిగా మార్పించవలెను. పాతకాలపు లావుపాటి గాజు తెర మానిటరుల విషయమునను ఇదే నియమము. తెలిసి చేయు సాహసమునకును తెలియక చేయు సాహసమునకును భేదమున్నది.

దుమ్ము దులిపి కొలిచిన తరువాతను వేడిమి తగ్గనిచో థర్మల్ పేస్టును చూడవలెను. కొన్ని యేండ్లకు అది ఎండి పెళుసుబారును. యంత్రమును కొద్ది నిమిషములు నడిపి మూసివేసినచో పాత పేస్టు కొంత మెత్తబడును. అప్పుడు దిమ్మను ఒక్కసారి పైకి లాగక, కుడియెడమలకు మెల్లగా కదల్చి తీయవలెను. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన నూలు లేని గుడ్డతో తుడువవలెను. ఆ ద్రవము మండునది గనుక దీపమునకు పొయ్యికి దూరముగ నుంచవలెను. క్రొత్త పేస్టు శనగగింజంత చాలును. ఎక్కువ పూసినచో ఎక్కువ చల్లబడునని తలంపరాదు. పేస్టు పని సందులను నింపుట మాత్రమే. మందముగా పూసినచో అదియే అడ్డు గోడ యగును.

తరువాత గాలి దారిని గమనింపవలెను. సామాన్యముగా చల్లగాలి క్యాబినెట్టు ముందునుండి వచ్చి, వేడిగాలి వెనుకనుండి పోవలెను. ఫ్యాను గాలిని ఎటు తోలుచున్నదో తెలియుటకు సన్నని కాగితపు ముక్కను దాని యెదుట పట్టుకొనిన చాలును. కొందరు ఫ్యానులను హెచ్చుగా బిగించి, ఒకదాని గాలిని మరొకటి ఎదిరించునట్లు చేయుదురు. రెండెద్దులు చెరియొక దిక్కునకు లాగినచో బండి కదలునా? మన యిండ్లలో మరియొక యాచారమున్నది. కంప్యూటరుపై దుమ్ము పడకుండ అందమైన గుడ్డను కప్పుదురు. కొందరు పని చేయుచుండగను దానిని తీయరు. మరికొందరు బల్లక్రింది మూసిన అరలో పెట్టెను దూర్చుదురు. గుడ్డను పనివేళ తీసివేయుటయు, పెట్టెను నేలమీద గాక చిన్న పీటపై నుంచుటయు, గోడకును దానికిని జానెడు దూరము విడుచుటయు, కానీ ఖర్చు లేని వైద్యములు.

ఇప్పుడు రొదను గూర్చి ఒక చక్కని సత్యమును తెలిసికొనుడు. ఫ్యాను వేగమును సగమునకు తగ్గించినచో అది తోలు గాలి సుమారు సగమగును. కాని దాని చప్పుడు సుమారు 15 డెసిబెల్లులు తగ్గును. చప్పుడు 10 డెసిబెల్లులు తగ్గినప్పుడే మన చెవికది సగమైనట్లు తోచును. అనగా గాలిని కోల్పోవు దాని కంటె నిశ్శబ్దమును పొందుట హెచ్చు. అందుచేతనే చిన్న ఫ్యానును పరుగెత్తించుట కంటె పెద్ద ఫ్యానును నడిపించుట మేలు. 80 మిల్లీమీటరుల ఫ్యాను కంటె 120 మిల్లీమీటరుల ఫ్యాను వైశాల్యము రెండుంబావు రెట్లు. మన యింటి సీలింగు ఫ్యాను మెల్లగా తిరుగుచునే గదినంతను చల్లబరచుటయు, చిన్న టేబులు ఫ్యాను గిరగిర తిరుగుచు గోల చేయుటయు మీరెరిగినదే. బయోస్‌లో ఏ ఉష్ణోగ్రతకు ఫ్యాను ఎంత వేగముగా తిరుగవలెనో నిర్ణయించు నమరిక పెక్కు యంత్రములలో నుండును. 50 డిగ్రీల వరకు మెల్లగా నడిపించి, ఆపైన క్రమముగా పెంచునట్లు అమర్చినచో రొద చాల తగ్గును. అయితే నిశ్శబ్దమును కోరి ఫ్యానును పూర్తిగా ఆపివేయుట అవివేకము.

మనము తలచుకొన్న కుటుంబము ఈ మార్గముననే నడచినదనుకొనుడు. దుమ్ము దులిపినారు, పేస్టు మార్చినారు, గుడ్డను తీసి పెట్టెను పీటపై నుంచినారు. ప్రతిమార్పునకును ముందు వెనుకలు వ్రాసికొన్నారు. అట్టి యింట యంత్రము మరల నెమ్మదిగా నడచుట వింత కాదు. దానికింకను వేగము కావలసినచో నిమిషమునకు 5,400 లేక 7,200 చుట్లు తిరుగు హార్డు డిస్కు స్థానమున, కదలు భాగమే లేని ఎస్.ఎస్.డి.ని అమర్చుకొనవచ్చును. అది పాత డిస్కు కంటె వడిగలది. దానికి చప్పుడే లేదు. మరియొక సంగతి. విండోస్ 10 నకు మైక్రోసాఫ్టు సంస్థ యిచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11 కోరు అర్హతలు పెక్కు పాత యంత్రములకు లేవు. అంతమాత్రమున అవి మూలపడవలసిన పని లేదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు ఆధారముగా వెలువడిన ఉచిత వ్యవస్థలలో కొన్ని చిన్న యంత్రములపైనను చక్కగా నడచును.

యంత్రమును బ్రతికించుట ఒక యెత్తు. అందులో నడచిన పాత పనులను బ్రతికించుట మరియొక యెత్తు. పిల్లలకు ప్రియమైన పాత ఆటలను ఉదాహరణముగా తీసికొందము. మన దేశమున పెక్కు పాఠశాలల కంప్యూటరు గదులలో ఒకప్పుడు 'డేంజరస్ డేవ్', 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' అను ఆటలను పిల్లలు పోటీలుపడి యాడెడివారు. అచ్చట నడచిన వాని రూపములు ఎం.ఎస్. డాస్ అను పాత వ్యవస్థ కొరకు వ్రాయబడినవి. నేటి యంత్రమున వానిని నేరుగా తెరువబోయినచో అవి తెరచుకొనవు. దానికి కారణమును తెలిసికొందము.

ఆనాటి డాస్ ఆటలలో పెక్కు 16 బిట్ల ప్రాసెసరుల భాషలో వ్రాయబడినవి. 64 బిట్ల విండోస్ ఆ భాషను నడుపదు. విండోస్ 11 కేవలము 64 బిట్ల రూపముననే వచ్చినది. ఇది మొదటి చిక్కు. రెండవ చిక్కు వేగము. ఐ.బి.ఎం. పీ.సీ.లోని ప్రాసెసరు 4.77 మెగాహెర్ట్జుల వేగముతో నడచెడిది. కొన్ని పాత ఆటలు గడియారమును చూడక, ప్రాసెసరు వేగమునే కాలమానముగా పెట్టుకొన్నవి. యంత్రము వేగము పెరిగినకొలది ఆ యాటలలోని బొమ్మలును పిచ్చివేగముతో పరుగులెత్తెడివి. దీనిని పరిహరించుటకే ఒకప్పటి కంప్యూటరులపై 'టర్బో' అను మీట నుంచిరి. పేరు వేగమును సూచించినను, ఆ మీటతో యంత్రమును పాత వేగమునకు తగ్గించుకొనుటయే దాని ముఖ్యప్రయోజనము.

ఈ రెండు చిక్కులకును నేడు ఒక చక్కని పరిష్కారము కలదు. 2002లో మొదట వెలువడిన డాస్‌బాక్స్ అను ఉచిత సాధనము క్రొత్త కంప్యూటరు లోపల ఒక పాత కంప్యూటరును నటింపజేయును. వేషగాడు రాజువేషము కట్టినప్పుడు సభ అతనిని రాజుగనే చూచును గదా! అట్లే ఆట కూడ తాను పాత యంత్రముననే యున్నానని భావించును. ఆటల కొరకు ప్రత్యేకముగా ఒక ఫోల్డరును ఏర్పరచి, 'మౌంట్' అను ఆజ్ఞతో దానిని సి డ్రైవుగా డాస్‌బాక్సునకు చూపవలెను. కంప్యూటరులోని అసలు సి డ్రైవునంతను చూపుట క్షేమము కాదు. ఆట మిక్కిలి వేగముగా నడచుచున్నచో కంట్రోల్ మీటతోపాటు ఎఫ్11 ను నొక్కిన వేగము తగ్గును. ఎఫ్12 ను నొక్కిన పెరుగును. ఒక్కొక్క మెట్టు చొప్పున మార్చుచు, బొమ్మ నడక సహజముగా కనబడువరకు సరిచేసికొనవలెను. విండోస్ కాలపు ఆటలకు వేరొక మార్గము. ఆట గుర్తుపై కుడిమీటను నొక్కి, ప్రాపర్టీస్ లోని కంపాటిబిలిటీ అను భాగమున పాత విండోస్ పేరును ఎంచుకొన్నచో కొన్ని మరల నడచును.

"ఆటల కొరకు ఇంత శ్రమ యేల?" అని పెద్దలు కొందరు అడుగవచ్చును. 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' చరిత్రయే దానికి సమాధానము. అమెరికా దేశీయుడగు జోర్డన్ మెక్నర్ ఆ యాటను ఆపిల్ 2 అను కంప్యూటరు కొరకు నిర్మించి 1989లో ప్రకటించెను. బొమ్మల నడక సహజముగా నుండుటకై అతడు తన తమ్ముని పరుగెత్తించి, దుమికించి, చిత్రీకరించి, ఆ చిత్రములను చూచి ఒక్కొక్క కదలికను గీసెను. ఆటగాడు ఒక గంట కాలములో రాజకుమారిని విడిపింపవలెను. ఆ యాట లోకమంతట ప్రసిద్ధి కెక్కినను, దాని మూలరచన, అనగా అతడు వ్రాసిన ఆజ్ఞల ప్రతి, ఎచ్చటనున్నదో చాలకాలము తెలియలేదు. 2012లో అతని తండ్రి ఇంట ఒక పెట్టెలో పాత ఫ్లాపీ డిస్కులు బయటపడినవి. అవి రెండు దశాబ్దములకు మించి వయసు గలవి. అయస్కాంతపు పూతపై వ్రాసిన వ్రాత కాలక్రమమున చెరిగిపోవును. వానిని చదువుటకు పాత యంత్రములును, వాని నెరిగిన మనుష్యులును కావలసివచ్చిరి. అట్టివారు కొందరు పూనుకొని ఆ డిస్కులను చదివి నకలు తీసిరి. మెక్నర్ ఆ రచనను అందరును చదువుకొనునట్లు ప్రకటించెను. పాత యంత్రములను కాపాడినవారు లేకున్నచో ఆ డిస్కులు మూగవై యుండెడివి.

ఇది దూరదేశపు కథ మాత్రమే కాదు. మన తెలుగు వ్రాతలకును ఇట్టి యాపద కలదు. తెలుగు లిపికి 1991లోనే యూనికోడ్ అను సార్వత్రిక ప్రమాణమున స్థానము లభించినది. అయినను మన ప్రాంతపు డి.టి.పి. కేంద్రములలో చాలకాలము అను ఫాంటులు మున్నగు వేరు వేరు అక్షరరూపములనే వాడినారు. అట్లు కూర్చిన పుస్తకములు, పెండ్లి పత్రికలు, కవితలు, ఊరి చరిత్రలు పాత డిస్కులలో నున్నవి. ఆ అక్షరరూపములు లేని యంత్రమున వానిని తెరచినచో తెలుగునకు బదులు అర్థము లేని గుర్తులు కనబడును. ఆ ఫాంటులును, ఆనాటి సాధనమును నడచుచున్న పాత కంప్యూటరు ఇంట నున్నచో ఆ వ్రాతను చదివి, యూనికోడులోనికి మార్చి భద్రపరచవచ్చును. పాత పెట్టె నమ్మివేయుటకు ముందు, అందులో తాతగారి వ్రాత ఏదేని యున్నదేమో చూచితిమా?

ఇచట ధర్మమును మరువరాదు. ఆట పాతదైనంత మాత్రమున అది యజమాని లేని సొత్తు కాదు. తన యింట నున్న పాత డిస్కులోని ఆటను తాను నడుపుకొనుట వేరు. ఎవరో దొంగిలించి పంచిన ప్రతిని తెచ్చుకొనుట వేరు. అట్టి ప్రతులలో వైరసులు పొంచియుండుట కూడ కలదు. కొన్ని పాత ఆటలను నేటికిని స్వల్పమగు ధరకు విక్రయించుచున్నారు. కొందరు కర్తలు తమంతట తామే ఔదార్యము చూపినారు. 1993లో వచ్చిన 'డూమ్' అను ఆట మూలరచనను దాని నిర్మాతలు 1997లో బహిరంగ మొనర్చిరి. దానివలన ఎందరో యువకులు ఆ యాటను క్రొత్త యంత్రములకు మార్చి, ఆ పనిలో విద్యను నేర్చుకొనిరి.

ప్రతి యంత్రమునకును ఒకనాటికి అంతము తప్పదు. మదర్‌బోర్డు కాలిపోయి, బాగుచేయుటకు వీలులేనప్పుడు దానిని చెత్తకుప్పపై పారవేయరాదు. అందు సీసము మున్నగు హానికర పదార్థము లుండవచ్చును. మన దేశమున 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము, అట్టివానిని రిజిస్టరు చేసికొన్న పునశ్చక్రీకరణ సంస్థలకు చేర్చవలెను. కాని అంతమునకు ముందు చూడవలసిన చూపు ఒకటి కలదు.

విద్యార్థులారా! మీ యింటనో మీ పొరుగింటనో ఒక కంప్యూటరు రొద చేయుచు మూల నున్నచో, దానిని పరిహసింపకుడు. ముందు వినుడు, కొలువుడు, వ్రాసికొనుడు. పెద్దల యనుమతితో ఒక్కొక్క కారణమును తొలగించి చూడుడు. అది బాగుపడినచో ఒక కుటుంబమునకు పెద్ద ఖర్చు తప్పును. బాగుపడకున్నను, అందలి చిత్రములు, వ్రాతలు, ఆటలు మీ చేతిమీదుగా క్రొత్త యింటికి చేరును. అందులో ఒక వ్రాతనైనను మీరు దక్కించినచో, ముందు తరములవారు దానిని చదువగలుగుదురు.

ప్రశ్నలు

1. కంప్యూటరు మందగించుటకును, దానియంతట నదియే ఆగిపోవుటకును కారణము లేవి?
2. వేసవిలో కంప్యూటరు హెచ్చుగా వేడెక్కుట ఏల? లెక్కతో వివరింపుడు.
3. ఎస్.ఎం.పి.ఎస్.ను ఏల విప్పరాదు?
4. "పెద్ద ఫ్యాను మెల్లగా తిరుగుట మేలు" - ఈ వాక్యమును సమర్థింపుడు.
5. పాత ఆటలు నేటి యంత్రములపై నడువకుండుటకు గల రెండు చిక్కులను, వాని పరిష్కారమును తెలుపుడు.
6. 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' మూలరచన ఎట్లు దక్కినది? దానివలన మనము గ్రహింపవలసిన దేమి?
7. మీ యింటనో మీ పాఠశాలలోనో ఉన్న ఒక కంప్యూటరును పరిశీలించి, దాని ఉంచిన చోటు, గాలి దారి, చప్పుడు - వీనిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.